తెర లాగితే మారిపోయే హాలు
యూనివర్సిటీ ఆర్ట్స్ సెంటర్‌లో నిన్న మధ్యాహ్నం నాటకం, సాయంత్రం వయొలిన్ కచేరీ. రెండూ ఒకే హాల్లో! మధ్యలో చేసిందల్లా గోడల వెంబడి ఉన్న, శబ్దాన్ని పీల్చుకునే మందపాటి తెరల్ని పక్కకి లాగెయ్యడమే. హాలు గొంతే మారిపోయింది. మాటకైతే, గోడలకి తగిలి తిరిగొచ్చే మోత ఒక సెకనులో అణగిపోవాలి, లేకపోతే డైలాగులు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఆర్కెస్ట్రాకేమో రెండు సెకన్ల దాకా నిలిస్తేనే నిండుదనం. డిజైనర్ల అసలు తలనొప్పి ఇదే; రంగులూ లైట్లూ తర్వాత సంగతి.

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాట అర్థం కావట్లేదని గొడవ. వాలెస్ సబైన్ అనే కుర్ర ప్రొఫెసర్ దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీటు కుషన్లు మోయించి, రాత్రుళ్లు కూర్చుని మోత ఎన్ని సెకన్లు ఉంటుందో కొలిచాడు. కుషన్లు పెరిగేకొద్దీ మోత తగ్గింది. మెత్తటి సీట్లు సుఖానికే అనుకుంటాం గానీ, జనం రాకపోయినా హాలు ఖాళీ డబ్బాలా మోగకుండా కాపాడేదీ అవే.

ఒక్కటే ఫిర్యాదు, వెనక్కి ముడిచే ఆ మెట్ల సీట్లు. సోలో మంచి పట్టులో ఉండగా పై వరసలో ఒకాయన లేచాడు, కిర్రుమంది. అంత మంచి అకౌస్టిక్స్ (హాల్లో శబ్దం వినిపించే తీరు) కదా, అదీ ప్రతి సీటుకీ స్పష్టంగా చేరింది!