నెట్‌కీ, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకీ కలిపి పాపులిజం ఎలా చదివానంటే

పొలిటికల్ సైన్స్‌లో నెట్ (కాలేజీ అధ్యాపక అర్హతకి యూజీసీ జాతీయ పరీక్ష) రాస్తున్న మిత్రులకు ఇది. 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ అడ్మిషన్లు ఇచ్చే పద్ధతి వచ్చింది. జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే జూనియర్ ఫెలోషిప్) రాకుండా క్వాలిఫై అయినవాళ్లకి స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. కాబట్టి సరైన ఆప్షన్ పట్టుకోవడంతో పని అయిపోదు, ఎదురుగా కూర్చున్న ప్రొఫెసర్ "ఎందుకు?" అంటే నిలబడగలగాలి.

అందుకే మేం కొందరం రీసెర్చ్ సెమినార్ పద్ధతి పట్టుకున్నాం. వారానికి ఒక రచన. అందరూ ముందే చదివి పేజీ రెస్పాన్స్ రాసుకురావాలి. ఒకరు వివరిస్తే మరొకరు అభ్యంతరాలు లేవనెత్తాలి. పాపులిజానికి ఈ పద్ధతి బాగా కుదిరింది, ఎందుకంటే అందరూ ఒప్పుకున్న నిర్వచనమే దీనికి లేదు.

రాజనీతి శాస్త్రవేత్త కాస్ ముడె 2004 వ్యాసంతో మొదలుపెట్టండి. స్వచ్ఛమైన ప్రజలు ఒకవైపు, చెడిపోయిన ఉన్నతవర్గం ఒకవైపు అని సమాజాన్ని రెండుగా చూసే పలచని భావజాలమే పాపులిజం అంటాడాయన. పలచనిది, అంటే తనకంటూ పూర్తి కార్యక్రమం లేనిది కాబట్టే లెఫ్ట్‌తోనూ కలుస్తుంది, రైట్‌తోనూ కలుస్తుంది. కర్ట్ వేలాండ్ 2001లో లాటిన్ అమెరికాని చూసి, ఇది భావజాలం కాదు, సంఘటితం కాని జనంతో నాయకుడు నేరుగా సంబంధం పెట్టుకుని అధికారం సాధించే వ్యూహం అన్నాడు. యాన్-వెర్నర్ ముల్లర్ 2016 పుస్తకంలో పాపులిజం అసలు లక్షణం "మేమే ప్రజలం, మిగతావాళ్లు కాదు" అనే దావా.

ఇక్కడితో ఆగితే నోట్స్ మాత్రమే మిగులుతాయి. ప్రతి నిర్వచనాన్నీ ఒక కేసు మీద పెట్టి చూడండి. మేం 1892 నాటి అమెరికా పీపుల్స్ పార్టీని తీసుకున్నాం. రైల్వేలు ప్రభుత్వం చేతిలో ఉండాలని, ఆదాయం పెరిగేకొద్దీ పన్ను పెరగాలని ఒమాహాలో ప్రకటించిన రైతుల పార్టీ అది. బ్యాంకుల మీద, రైల్వే కంపెనీల మీద వాళ్ల కోపం ముడె చట్రంలో సరిపోతుంది. వేలాండ్ దగ్గర మాత్రం ఇబ్బంది: రైతు సంఘాలు, సహకార సంఘాల నుంచి పుట్టిన పార్టీలో అలాంటి ఒంటి నాయకుడెక్కడ? ముల్లర్ అయితే పాపులిస్టులని పేరు తెచ్చుకున్న ఆ పార్టీనే, "మేమే ప్రజలం" అనే దావా చేయలేదు కాబట్టి, తన లెక్కలో పాపులిస్టు కాదంటాడు. ఆ వారం మా వాదన చాలాసేపు నడిచింది. ఈ ముగ్గురి తేడా నాకు స్పష్టపడింది అప్పుడే.

రాజకీయ సిద్ధాంతకర్త ఎర్నెస్టో లాక్లావ్ 2005 పుస్తకం కష్టం, కానీ వదలొద్దు. తీరని డిమాండ్లు వేటికవే ఉన్నంతకాలం అవి అర్జీలు. ఒకే అధికారం వాటిని తోసిపుచ్చుతోందని తెలిసినప్పుడు గొలుసుగా కలుస్తాయి, ఒక పేరు ఆ గొలుసంతటికీ గుర్తవుతుంది. మనకి ఇది అర్థం కావడానికి 1983 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు చాలు. ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చిన ఢిల్లీ, బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకి రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం, బియ్యం ధర. వీటన్నిటినీ ఎన్టీఆర్ "తెలుగువారి ఆత్మగౌరవం" అనే ఒక్క మాట కిందికి తెచ్చారు. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే గెలిచారు. చైతన్య రథం మీద నేరుగా జనంలోకి వెళ్లిన తీరుకి వేలాండ్ కూడా పనికొస్తాడు. ఇంటర్వ్యూలో "రెండు రూపాయల బియ్యం పాపులిజమేనా?" అని నన్ను అడిగారు. పథకం ఒక్కటే చాలదు, దాన్ని ఎవరి తరఫున, ఎవరికి ఎదురుగా నిలబెట్టారన్నది చూడాలని చెప్పాను. అక్కడి నుంచి సంభాషణ లాక్లావ్ మీదికి మళ్లింది.

తేదీల సంగతులు త్వరగా ముగించండి: కాలక్రమం ప్రశ్నల కోసం పాపులిజం మీద అయోనెస్కు, గెల్నర్ సంపాదకత్వంలో వచ్చిన 1969 పుస్తకం, మార్గరెట్ కనోవన్ 1981 పుస్తకం, ఆవిడదే 1999 వ్యాసం. నెట్‌లో నెగటివ్ మార్కులు లేవు, ఏ ప్రశ్నా వదలకండి.

తెలుగు మీడియం మిత్రులకి ఒక మాట. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది, అయినా రెస్పాన్స్ మొదట తెలుగులో రాయండి. వాదన తెగేదాకా తెలుగులోనే కొట్లాడి, ఆ తర్వాత అదే పేజీని ఇంగ్లీషులో రాసుకోండి. మా గుంపులో ఇంటర్వ్యూలో తడుముకోకుండా మాట్లాడింది అలా చేసినవాళ్లే.