ఎదుటివాడి శ్రమ, మన పాపం

పుట్టు గుడ్డి అయిన ఒక మనిషి దారిలో కనిపించాడు. శిష్యులు అతన్ని చూసి యేసును అడిగారు: ఇతను ఇలా పుట్టడానికి పాపం చేసింది ఎవరు, ఇతనా, ఇతన్ని కన్నవాళ్లా? యోహాను సువార్త 9వ అధ్యాయం ఇలా మొదలవుతుంది. పాపం జరిగిందన్నది వాళ్ల మనసులో ముందే ఖాయమైపోయింది. ఇక తేలాల్సింది ముద్దాయి ఎవరన్నదే. యేసు రెండూ కాదన్నాడు. ఉమ్మితో బురద చేసి, అతని కళ్లకు పూసి, సిలోయం కోనేటికి వెళ్లి కడుక్కోమని పంపాడు. అతను కడుక్కుని చూపుతో తిరిగొచ్చాడు.

అదే సిలోయం పేరు లూకా 13లోనూ వస్తుంది. అక్కడ గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పెద్ద అపరాధులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని తనే జవాబు చెప్పాడు. ఆ వెంటనే మాట వింటున్నవాళ్ల మీదికి తిప్పాడు: మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు. ఈ రెండు భాగాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఎదుటివాడి శ్రమలో పాపాన్ని వెతకొద్దన్నాడు, నీ పాపాన్ని మాత్రం నువ్వే చూసుకోమన్నాడు. మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. పక్కవాడికి జబ్బొస్తే ఏ పాపం చేశాడో అంటాం. మన తప్పు బయటపడితే సాతాను శోధించాడంటాం.

మొదటి పొరపాటు ఎదుటివాడి శ్రమలో పాపం వెతకడం, దానికి యోబు స్నేహితులే సాక్ష్యం. నీతిమంతుడైన యోబు ఆస్తినీ పిల్లల్నీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ పుస్తకంలో వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే చెడిపోయారు. 8వ అధ్యాయంలో బిల్దదు, పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి ముఖం మీదే, నీ పిల్లలు చేసిన పాపానికే అలా జరిగి ఉంటుందనేదాకా వెళ్లాడు. చివరికి దేవుడు వాళ్ల మీద కోపగించి, ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తీసుకెళ్లి దహనబలి అర్పించమన్నాడు, యోబు మీ కోసం ప్రార్థన చేస్తాడన్నాడు.

వాళ్ల తర్కం ఎక్కడ తప్పింది? మనిషి ఏది విత్తుతాడో అదే కోస్తాడని గలతీ 6:7 కూడా చెబుతుంది కదా. చెబుతుంది, నిజమే. అయితే విత్తినవాడు కోస్తాడనడం వేరు, కళ్ల ముందు కనిపించే ప్రతి పంటా అతనే విత్తాడనడం వేరు. పాపం వల్ల జబ్బు రావచ్చు. జబ్బున్న ప్రతిచోటా పాపం ఉందనడానికి అది ఆధారం కాదు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఇక్కడ పనికిరాదు. సృష్టి అంతా మూలుగుతోందని రోమా 8:22 అంటుంది, ఆ మూలుగు నీతిమంతుడి ఒంట్లోనూ వినిపిస్తుంది. పౌలు తోటి సేవకుడు తిమోతికి తరచూ ఒంట్లో బాగుండేది కాదు. పౌలు అతని కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే గానీ ఏదైనా పాపం దాచావేమో చూసుకోమనలేదు. తనతో ప్రయాణించిన త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని మామూలుగా రాశాడు. వైద్యుడి దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమని భయపెట్టేవాళ్లు ఈ రెండు వచనాల దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

పాపానికీ శ్రమకూ నేరుగా లంకె ఉన్న సందర్భాలు వాక్యంలో లేవని కాదు. పాపం చేసిన దావీదు రాజు బిడ్డను పోగొట్టుకున్న సంగతి ఉంది, ప్రభువు బల్లను అయోగ్యంగా తీసుకున్నందుకు కొందరు జబ్బుపడ్డారనే 1 కొరింథీ 11:30 ఉంది. కానీ దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చిన తీరు గమనించండి. ఊరియాను కత్తితో చంపించావు, అతని భార్యను తీసుకున్నావు అన్నాడు. పని పేరు ఉంది, మనిషి పేరు ఉంది. పరిశుద్ధాత్మ ఒప్పించే తీరు ఇలాగే ఉంటుంది: ఫలానా పని, ఫలానా మనిషి. ఏదో చేసి ఉంటాను, అందుకే దేవుడు నన్ను ఇలా కొడుతున్నాడని రాత్రంతా తవ్వుకునే భయానికి మాత్రం పేరూ ఉండదు, దిద్దుకునే దారీ ఉండదు. నిజాయితీగా ఒకసారి పరీక్షించుకున్నాక స్పష్టంగా ఏదీ కనబడకపోతే ఆ వెతుకులాట మానేయాలి. రోగి చేత లేని పాపం ఒప్పించడం కూడా అబద్ధం చెప్పించడమే.

ఇక వంశపు శాపం మాట. తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాలవరకు రప్పిస్తానన్న నిర్గమ 20:5ని చూపించి, తాతల పాపాల చిట్టా రాయించేవాళ్లున్నారు. అందులోనే 'నన్ను ద్వేషించువారి' అన్న మాట ఉంది, దాన్ని దాటేస్తారు. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టబడినవాళ్లు కూడా, తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని సామెత చెప్పుకున్నారు. యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం దానికి జవాబు. నీతిమంతుడైన తండ్రి, దుర్మార్గుడైన కొడుకు, మళ్లీ నీతిమంతుడైన మనవడు: మూడు తరాలనూ వరసగా నిలబెట్టి ఎవరి లెక్క వారిదేనంటాడు. తాగుబోతు ఇంట్లో పిల్లలు ఆకలితో పడుకుంటారు, నిజం. తండ్రి చేసిన పనికి ఫలితం పిల్లలదాకా వస్తుంది, దోషం రాదు.

రెండో పొరపాటు మన తప్పును ఇంకొకరి మీదికి నెట్టడం. ఆదాము 'నువ్విచ్చిన ఈ స్త్రీ' అన్నాడు, ఒక్క మాటలో భార్యనూ దేవుణ్ణీ కూడా ఇరికించాడు. అమాలేకీయుల్ని పశువులతో సహా నాశనం చేయమన్న దేవుని ఆజ్ఞ నెరవేర్చానని సౌలు రాజు అంటే, మరి నా చెవిన పడుతున్న ఈ గొర్రెల అరుపులు ఎక్కడివని సమూయేలు ప్రవక్త అడిగాడు. ప్రజలు తెచ్చారన్నాడు సౌలు. చివరికి పాపం చేశానన్నాడు గానీ వెంటనే పెద్దల ముందు నా పరువు నిలబెట్టమన్నాడు. పాపం చేశానని దావీదూ అన్నాడు, కానీ ఆ మాటకు తోక తగిలించలేదు. ఒప్పుకోలు నిజమో కాదో ఆ తోక చూస్తే తెలుస్తుంది. 'నీకు బాధ కలిగి ఉంటే క్షమించు' అన్నదాంట్లో తప్పు అవతలివాడి మనసుకు అంటగట్టాం. 'తప్పే, కానీ నువ్వు కూడా' అన్నచోట 'కానీ' ముందున్నదంతా కొట్టుకుపోతుంది.

మాటతో అయిపోదు కూడా. లేవీయకాండం 6 ప్రకారం మోసంతో తీసుకున్నవాడు మూలధనానికి ఐదో వంతు కలిపి సొంతదారుకు ఇవ్వాలి: 100కి 120. దాంతోపాటే అపరాధ పరిహారార్థ బలిగా పొట్టేలు తేవాలి. సొంతదారుకు ఇవ్వకుండా బలిపీఠం దగ్గర తేల్చుకునే వీలు లేదు. దొంగ పట్టుబడితే లెక్క వేరు: దొంగిలించిన జంతువు ప్రాణంతో దొరికితే రెండింతలు, గొర్రెను అమ్మినా చంపినా నాలుగింతలు, ఎద్దుకు ఐదింతలు. పన్నులు వసూలు చేసే జక్కయ్యను ఎవరూ పట్టుకోలేదు. తనంతట తాను ఒప్పుకున్నవాడికి ఐదో వంతు చాలు, అయినా నాలుగింతలు ఇస్తానన్నాడు. రక్షణ కొనుక్కోవడానికి కాదు, ప్రభువు అప్పటికే అతని ఇంట్లో అడుగుపెట్టాడు.

డబ్బు కాని విషయాల్లో కూడా ఇదే పద్ధతి. అబద్ధం ఎంతమంది ముందు చెప్పామో అంతమంది ముందు సరిచేయాలి, అంతకు మించి చాటితే గాయపడినవాళ్లను మళ్లీ బజారున పెట్టినట్టవుతుంది. ఒప్పుకున్న రోజే క్షమించమని పట్టుబట్టకూడదు. ఇంట్లో దెబ్బలు తినేవాళ్లకు 'సిలువ మోయి, సహించు' అని చెప్పడం మాత్రం ఘోరం. అక్కడ పాపం కొట్టేవాడిది. ముందు ఆమెను, పిల్లల్ని క్షేమమైన చోటికి చేర్చాలి. పోలీసులకు చెప్పడం క్షమించకపోవడం కిందికి రాదు, కీడు చేసేవాణ్ణి శిక్షించే పని అధికారులకు దేవుడిచ్చిందేనని రోమా 13 చెబుతుంది.

శ్రమలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే సమకూడుతాయనే రోమా 8:28తో మొదలుపెట్టకండి. అది సత్యమే, కానీ శవం ఇంకా ఇంట్లో ఉండగా చెప్పే మాట కాదు. 13వ కీర్తన చదవండి, రెండు వచనాల్లో నాలుగుసార్లు ఇంకెన్నాళ్లని అడుగుతుంది. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే. చదవడానికి గొంతు రాకపోతే ఊరికే కూర్చోండి.

మొదట చెప్పుకున్న, చూపు వచ్చిన ఆ మనిషిని యూదుల మతనాయకులైన పరిసయ్యులు పిలిపించి రెండుసార్లు విచారించారు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నువ్వు పాపంలో పుట్టినవాడివి, మాకు బోధిస్తావా అని తిట్టి వెళ్లగొట్టారు. శిష్యులు అడిగిన ప్రశ్నకు యేసు కాదన్న జవాబునే వాళ్లు అతని ముఖాన కొట్టారు. అతన్ని బయటికి నెట్టేశారని యేసు విన్నాడు. వెళ్లి అతన్ని కనుక్కున్నాడు.