పొమోనా పిట్స్‌లో ఓ పెద్దాయన, ఒక తూకం మిషను

కార్లు తిన్నటి దారిలో జంటగా దూసుకెళ్లే డ్రాగ్ రేసుల నవంబర్ ఫైనల్స్ రోజున పొమోనా వైపు ఫ్రీవే 10 ఎలా ఉంటుందో లాస్ ఏంజెలెస్ వాళ్లకి చెప్పక్కర్లేదు. టికెట్ డబ్బులు కాక పార్కింగ్‌కి విడిగా వసూలు చేశారు. అక్కణ్ణుంచి గేటు దాకా ఎండలో నడక. ఇవన్నీ ఓర్చుకున్నాను కానీ, లోపల స్టాళ్ల దగ్గర విన్న ఒక్క మాట మాత్రం ఓర్చుకోలేకపోయాను.

మా మేనబావ తన మస్టాంగ్‌ని డ్రాగ్ రేసులకి సిద్ధం చేస్తున్నాడు. తేలికపాటి రిమ్ములు, టైర్లు చూసి మాట్లాడుకుందామనే ఇద్దరం బయల్దేరాం. రిమ్ములమ్మే కుర్రాడు బావ మొహం చూడగానే మొదలుపెట్టాడు: "చక్రంలో ఒక్క పౌండ్ తగ్గిస్తే బండిలో ఎనిమిది పౌండ్లు తగ్గినట్టే సార్!" పక్క స్టాల్‌కి వెళ్లేసరికి ఎనిమిది కాస్తా పది అయింది. ఆ లెక్క ఎలా వచ్చిందని అడిగితే, "అది అందరికీ తెలిసిందే కదా" అన్నాడు. వేల డాలర్లు పెట్టడానికి వచ్చిన మనిషికి ఇచ్చే జవాబేనా అది? నాకు ఒళ్లు మండింది. బావ మాత్రం, "ఒరేయ్, వాళ్లతో ఎందుకు? బండి నడిపేవాళ్లనే అడుగుదాం పద" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్ల రేసుల్లో నాకు బాగా నచ్చేది ఇదే. ఏ టికెట్ కొన్నా, కార్లు సిద్ధం చేసుకునే పిట్స్‌లోకి వెళ్లొచ్చు. అన్నిటికన్నా వేగంగా పోయే టాప్ ఫ్యూయల్ కార్ల గుడారాల దగ్గర జనం ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. మేం వాటిని దాటుకుని, సొంత డబ్బుతో రేసులాడే స్పోర్ట్స్‌మన్ క్లాసుల వైపు వెళ్లాం. అక్కడ ఓ పెద్దాయన తన పాత కారుని స్టాండ్ల మీదికెత్తి చక్రాలు విప్పుతున్నాడు. పక్కనే నేల మీద, ఇళ్లలో మనుషులు బరువు చూసుకునే మామూలు తూకం మిషను. విప్పిన ప్రతి చక్రాన్నీ దాని మీద పెట్టి, అంకెని టైరు మీద సుద్దతో రాస్తున్నాడు. ఒకే సైజు, ఒకే కంపెనీ టైర్లు కూడా ఒకే బరువు ఉండవట. అందుకే కాగితం మీది అంకెని ఆయన నమ్మడు.

ఎనిమిది పౌండ్ల సంగతి అడిగాను. ఆయన టైరు మీద చెయ్యి వేసి ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. బండి గంటకి 100 మైళ్ల వేగంతో పోతుంటే టైరు పైనున్న రబ్బరు కూడా ఇరుసు చుట్టూ అదే 100 మైళ్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. ఆ రబ్బరుని ముందుకి తోయడానికి ఎంత శక్తి కావాలో, తిప్పడానికీ అంతే కావాలి. అందుకని అక్కడ తగ్గిన ఒక పౌండ్ బండిలో తగ్గిన రెండు పౌండ్లతో సమానం. అంతకు మించి కాదు. రిమ్ అంచు దగ్గర ఈ లెక్క ఒకటిన్నర దరిదాపుల్లో ఉంటుంది, మధ్యలో నట్లు బిగించే చోట ఒకటికి కాస్త ఎక్కువ. బరువు తీయాలంటే ముందు టైరులో తీయాలి, తర్వాత రిమ్ అంచులో. నట్లు బిగించే మధ్యభాగాన్ని తొలిచి తేలిక చేశామంటే నమ్మి డబ్బు పోయొద్దన్నాడు. చిన్నప్పుడు సైకిల్ తిరగేసి చక్రం తిప్పుతూ ఆడుకున్నవాణ్ణి కదా, చెప్పగానే నాకు చేతికి తెలిసినట్టనిపించింది.

బావ మస్టాంగ్‌కి ఇప్పుడున్న 18 అంగుళాల చక్రం టైరుతో కలిపి దాదాపు 50 పౌండ్లు తూగుతుంది. పెద్దాయన కారు ముందు చక్రం 15 అంగుళాల ఎత్తు, మూడున్నర అంగుళాల వెడల్పు. సన్నటి టైరుతో కలిపినా అందులో సగమే. రెండు వైపులా కలిపి 50 పౌండ్లు తగ్గితే, బండిలో సుమారు 75 తగ్గినట్టు. 100 పౌండ్లకి సెకన్‌లో పదో వంతు అని రేసర్లు వేసుకునే మోటు లెక్క ఒకటుంది. పదో వంతు కన్నా చిన్న తేడాతో ఓడిపోయేవాళ్లు ప్రతి వారం ఉంటారు, కాబట్టి ఆ 50 పౌండ్లు విలువైనవే.

అలాగని ముందు టైరుని మరీ పొట్టిగా చేసుకోకూడదు. స్టార్టింగ్ లైన్ దగ్గర కాంతి కిరణాన్ని ముందు టైరు పూర్తిగా దాటాకే గడియారం మొదలవుతుంది. టైరు ఎత్తుగా ఉంటే ఆ కిరణాన్ని అడ్డుకునే నిడివి ఎక్కువ. గడియారం మొదలయ్యేలోగా బండి ఇంకొన్ని అంగుళాలు ఊపందుకుంటుంది. బరువులో సంపాదించింది అక్కడ పోగొట్టుకుంటే ఏం లాభం?

వెనక చక్రాల దగ్గరికొచ్చేసరికి పెద్దాయన గొంతే మారిపోయింది. "ముందువి మొయ్యాలి, తిరగాలి, బ్రేక్ పట్టాలి. వెనకవి ఇంజన్ని భరించాలి" అన్నాడు. రిమ్ అంచు చుట్టూ బిగించిన చిన్న స్క్రూలు చూపించాడు. వేసిన ఊపుకి టైరు రిమ్ మీద జారిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. ఇంకా బలమైన కార్లకి టైరు అంచుని రింగుతో బోల్టులు వేసి పట్టే బీడ్‌లాక్ ఉంటుంది. అది బరువే, అయినా వదులుకోకూడని బరువు. వెనక రిమ్‌కి ఎస్‌ఎఫ్‌ఐ 15.1 అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడమన్నాడు. చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు, అంటే స్టడ్, ఎంత లావుందో కనీసం అంత లోతు నట్టులోకి దిగాలి, అది కంటికి కనపడాలంటే చివర తెరిచి ఉన్న నట్లే వాడాలి అని కూడా చెప్పాడు. బావ అన్నీ ఫోన్లో రాసుకున్నాడు.

మధ్యాహ్నం గ్యాలరీలో కూర్చుని టాప్ ఫ్యూయల్ చూశాం. 36 అంగుళాల వెనక టైరులో గాలి ఆరేడు పీఎస్ఐ మాత్రమే. పచ్చ దీపం పడగానే టైరు పక్కగోడ మడతలు మడతలుగా నలిగి, రోడ్డుకి కరుచుకుంది. కాసేపట్లోనే ఆ టైరే వేగానికి సాగి సన్నగా, పొడుగ్గా అయిపోయింది. 2008 నుంచి ఈ క్లాసు పావు మైలు కాక 1000 అడుగులే పరిగెడుతోంది. ఆ దూరం చాలు, గుండెల్లో మోత మోగడానికి.

తిరుగు ప్రయాణమంతా వెనక టైర్ల మీదే వాదన. బావకి డ్రాగ్ రేడియల్, అంటే లోపలి దారాలు అడ్డంగా వేసిన రేసు టైరు, కావాలి. అది తేలిగ్గా దొర్లుతుంది, చివర్లో వేగం ఎక్కువ వస్తుంది. నిజమే. కానీ బావది క్లచ్ బండి. ఒక్కసారిగా తగిలే దెబ్బని పక్కగోడ నలిగి ఓర్చుకునే, దారాలు ఏటవాలుగా వేసిన గాడుల్లేని బయాస్ స్లిక్కే దానికి నయమని నా పట్టు. ట్రాక్ జిగురు తక్కువగా ఉన్న రోజున రేడియల్ ఒకసారి జారిందంటే మళ్లీ పట్టు దొరకడం కష్టం. పైగా ముందు బయాస్, వెనక రేడియల్ అని కలపకూడదు, ఎక్కువ వేగంలో బండి నిలకడ తప్పుతుంది. వెనకవి తేలేదాకా ముందువి కూడా ఆర్డర్ పెట్టలేం. ఈలోపు బావ చెయ్యాల్సింది, ముందు బ్రేక్ కాలిపర్ కొలిచి 15 అంగుళాల రిమ్ దాని మీద నుంచి దూరుతుందో, 17కే పోవాలో చూడటం.