తేలిక దారిలో ఒక శిఖరం

ఈరోజు నేనూ నా నేస్తమూ ఫ్రాన్స్‌లో షామోనీ లోయ పైనున్న ఎగ్వీ ద లాండెక్స్ ఎక్కాం. 2,595 మీటర్లు. ఆల్ప్స్‌లో ఇది చిన్న శిఖరమే, కానీ నిలబెట్టిన వేలులా ఉంటుంది. లా ఫ్లెజేర్ నుంచి చైర్‌లిఫ్ట్ 2,385 మీటర్ల దాకా తీసుకెళ్తుంది కాబట్టి నడక తక్కువ. వేసవి మధ్యాహ్నాలు ఇక్కడ ఉరుములు పట్టుకుంటాయి, అందుకే పొద్దున్నే బయల్దేరాం.

మేం ఎక్కింది ఆగ్నేయపు రిడ్జ్, అంటే కొండ వెన్ను. చాలా భాగం నాలుగో గ్రేడు లోపే, అంటే తేలికే. గ్రేడు చెప్పేది చేతులకీ కాళ్లకీ ఎంత పని అన్నదే. కింద ఎంత లోతుందో అది చెప్పదు. రెండో పిచ్‌లో (ఒక విడతలో తాడుతో ఎక్కే భాగం) పక్కకి చూస్తే కడుపులో ఖాళీగా అనిపించింది. ఎందరో ఎక్కీ ఎక్కీ నీస్ రాయి కొన్నిచోట్ల నున్నగా అరిగిపోయింది. అక్కడ చేతులతో లాక్కోకూడదు. మడమ కిందికి దించి, బరువంతా పాదం మీద వేస్తే షూ రబ్బరు పట్టుకుంటుంది. ప్రతి పట్టునీ ముందు అరచేత్తో తట్టి చూశాను, బోలుగా మోగినదాన్ని వదిలేశాను.

నాకు తేలిక దారులంటే ఇందుకే ఇష్టం. కష్టమైన దారిలో తర్వాతి పట్టు తప్ప ఏదీ కనిపించదు. ఇక్కడ తాడు వంకర పోతోందా, పొడవు స్లింగ్ (ఉచ్చులా కుట్టిన పట్టీ) వేయాలా, కింద నేస్తం గొంతులో టెన్షన్ ఉందా, అన్నీ తెలుస్తాయి. ఒకసారి పై జట్టు నుంచి "కాయూ!" అని కేక. రాయి జారితే ఇక్కడివాళ్లు అరిచే మాట. ఇద్దరం గోడకి అతుక్కున్నాం. రాయి దూరంగా, పక్క చీలికలోకి పోయింది. గుండె నెమ్మదించడానికి కాసేపు పట్టింది.

శిఖరం మీద చోటు చాలా ఇరుకు, తాడు విప్పకుండానే కూర్చున్నాం. ఎదురుగా 4,122 మీటర్ల ఎగ్వీ వెర్త్, దాని పక్కనే ద్రూ, కుడివైపు దూరంగా ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన మోంబ్లాఁ (మాంట్ బ్లాంక్). దాన్ని మొదటిసారి ఎక్కిన బల్మా, పకార్ 1786 ఆగస్టు 8న తాడు కూడా లేకుండా ఆ మంచు మీదికి వెళ్లారన్నది అక్కడి నుంచి చూస్తుంటే నమ్మబుద్ధి కాలేదు. కింద మేర్ ద గ్లాస్ మాత్రం బాధపెట్టింది. హిమానీనదం ఒకప్పుడు ఎంత ఎత్తున ఉండేదో పక్క గోడల మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ గీతకి చాలా కింద, బూడిదరంగు రాళ్లు కప్పుకుని ఉంది.

దిగడానికి రాపెల్, అంటే తాడు మీద జారుతూ దిగడం. తాడు చివర్ల ముడులు నేనోసారి, తను ఓసారి చూశాం. ఇద్దరం దిగాక తాడు లాగితే ఎక్కడా చిక్కుకోకుండా వచ్చేసింది, హమ్మయ్య అనుకున్నాం. తర్వాతి దారంతా కదిలే రాళ్లే, మోకాళ్లు ఇంకా నొప్పిగా ఉన్నాయి.

"ఈసారి ముందు నేనెక్కుతా" అంది నేస్తం. సరే అన్నాను. రేపు నేల మీదే ఓ బండరాయి దగ్గర స్లింగ్‌తో యాంకర్ (మమ్మల్ని రాతికి పట్టి ఉంచే కట్టు) కట్టడం ఇద్దరం ఇంకోసారి చేసి చూడాలి.