అడుగు చూసి కొన్న షూ

"అక్కా, చూస్కో!" అని తమ్ముడు అరిచేలోపే ఎడమ కాలు సర్రున జారింది. చీలమండ పక్కకు తిరిగింది. అదృష్టం, బెణకలేదు.

పొద్దున హైదరాబాద్‌లో ప్యాడెల్ ఆడుతున్నాం. అద్దం గోడల మధ్య రాకెట్‌తో ఆడే, టెన్నిస్‌లాంటి ఆట అది. కోర్టు మీద కృత్రిమ గడ్డి, దాని మీద సన్నటి ఇసుక. బయటికొచ్చి షూ తిప్పి చూస్తే అడుగు అరిగి నున్నగా ఉంది. రోజూ వాకింగ్‌కు వేసుకునే రన్నింగ్ షూ అది. మడమ దగ్గర ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. నేరుగా పరుగెత్తడానికి బాగుంటుంది. కానీ ప్యాడెల్‌లో నేరుగా పరుగెత్తేదెంత? కోర్టే 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. బంతి అద్దం గోడకు తగిలి తిరిగొస్తుంటే పక్కకు అడుగెయ్యాలి, టక్కున ఆగాలి, మళ్లీ తిరగాలి.

సాయంత్రం నల్లగొండకు రాగానే క్లాక్ టవర్ దగ్గర షూ షాపుకు పోయాను. షాపాయనకు ప్యాడెల్ తెలియదు. "ఎట్లాంటి నేల మీద ఆడతరమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఇసుక సంగతి చెప్పగానే ఒక టెన్నిస్ షూ తీసి బోర్లించాడు. అడుగంతా చేప ముల్లులాగా జిగ్‌జాగ్ గీతలు. వేలితో ఆ గీతల వెంట రాసి చూపిస్తూ, "ఇవి పట్టు ఇస్తయి" అన్నాడు. ఆడేటప్పుడు వేసుకునే మందం సాక్సులతోనే తొడిగి చూశా. బొటనవేలి ముందు కొంచెం జాగా, మడమ దగ్గర బిగువు. హాయిగా ఉంది.

ఇన్నేళ్లూ రంగు చూసే కొన్నాను.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసి వాడి షూ అడుగు ఫొటో పంపమన్నా. వాడిదీ అరిగిపోయింది. రేపు వాడికీ ఒక జత తీసుకోవాలి.