టెన్షన్ కాదు డాక్టర్ గారూ

"ఈ వయసు ఆడవాళ్ళకి ఇది మామూలేనండి. టెన్షన్ తగ్గించుకోమనండి." వంటింట్లో పడిపోయి నుదుటికి కుట్లు వేయించుకుని ఎదురుగా కూర్చున్నది నేను. ఆ డాక్టర్ ఈ మాట చెప్పింది మా ఆయనతో! ఈసీజీ బాగుందట. బాగుండదా మరి, తీసిన ఆ కాసేపూ గుండె బుద్ధిగానే కొట్టుకుంది. గ్యాస్ మాత్రలు రాశారు. మింగాను, మళ్ళీ పడ్డాను.

చివరికి విశాఖలోనే వేరే ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. నిద్ర పట్టక మానిటర్ బీప్ వింటూ పడుకున్నాను. తెల్లవారుజామున బీప్ ఆగింది. ఆగినట్టు నాకు తెలిసింది, అదే భయం. "అప్పన్నా" అనబోయాను, నోరు పెగల్లేదు. కళ్ళు తెరిచేసరికి నర్సు పిల్ల నా చెంపలు తడుతూ "అమ్మా, ఇటు చూడండమ్మా" అంటోంది. కాగితం మీద ఒక దెబ్బ, తర్వాత 6 సెకన్లు తిన్నని గీత, మళ్ళీ దెబ్బ. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

పొద్దున జూనియర్ డాక్టర్ ఆ కాగితం వెనకే బొమ్మ గీసి చెప్పాడు. గుండె కుడి పైగదిలో, పెద్ద సిర వచ్చి కలిసే చోట సైనస్ నోడ్ అని, గుండెకి దెబ్బ పుట్టించే కణాల చిన్న ముద్ద ఉంటుంది. 1907లో కీత్, ఫ్లాక్ అనేవాళ్ళు దాన్ని గుర్తించారట. అక్కడి కణాలకి కొట్టమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక దెబ్బ అయిపోగానే సోడియం సన్నగా లోపలికి కారుతుంది, వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. ఒక హద్దు చేరగానే కాల్షియం దూసుకొస్తుంది, అదే దెబ్బ. పొటాషియం బయటికి పోయాక మళ్ళీ మొదలు. నరాలు వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. నరాలు తెగిన మార్పిడి గుండె కూడా తనంతట తానే కొట్టుకుంటుందట. వయసుతో కొందరిలో ఈ కణాలు తగ్గి, మధ్యలో మచ్చలాంటి నార పేరుకుంటుంది. అప్పుడు దెబ్బ పుట్టడం మధ్యమధ్యలో ఆగుతుంది, నాకు అయింది అదే. ఇందులో నా టెన్షన్ ఎక్కడుందండీ?

పేస్‌మేకర్ పెట్టారు, ఎడమ కాలర్ బోన్ కింద. గుండె ఆగబోతే దెబ్బ ఇచ్చే చిన్న యంత్రం అది. ఆ చెయ్యి పైకెత్తొద్దన్నన్నాళ్ళూ మా తోడికోడలే జడ వేసింది. మరిది మాత్రం "వదినకి బ్యాటరీ వేశారు" అని ఊరంతా చెప్పి నవ్వించాడు.

సింహాచలం మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను, డాక్టర్ ఊ అంటే వెళ్ళాలి. మీ ఇంట్లో ఎవరైనా కారణం లేకుండా పడిపోతుంటే హోల్టర్ పెట్టించమని గట్టిగా అడగండి. రోజంతా ఒంటి మీదే ఉండి గుండె లయ రాస్తుంది.

ఆ గీత ఉన్న కాగితం జిరాక్స్ తీసి మొదటి డాక్టర్‌కి పంపాను. మా ఆయన వద్దన్నా పంపాను. జవాబు రాలేదు.