లొంబొక్ లో గెరుపుక్ అనే పల్లె, అక్కడి స్థలాల సంగతి

ఇండోనేషియాలో బాలీ దీవిలో స్థలాల రేట్లు చేతికందకుండా పోయాయి ఇక అందరి చూపూ పక్క దీవి లొంబొక్ మీదే అని సింగపూర్ లో మా ఆఫీసులో ఎప్పుడూ అదే మాట, సరే వింటూ కూర్చోడం దేనికి ఒకసారి చూసొద్దాం అని బయల్దేరా. డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, మూడు గంటల లోపే దిగిపోతాం. మన పాస్‌పోర్ట్ కి వీసా ఆన్ అరైవల్ ఇస్తారు, 5 లక్షల రుపియా, 30 రోజులు, ఇంకో 30 రోజులు ఒక్కసారి పొడిగించుకోవచ్చు. 5 లక్షలు అనగానే కంగారు పడకండి, మన ఒక్క రూపాయికి అటూ ఇటూగా 190 రుపియా వస్తాయి.

ఎయిర్‌పోర్ట్ ప్రాయ అనే ఊరి దగ్గర. అక్కడ్నుంచి దక్షిణ తీరంలో కుతా అనే ఊరి దాకా (బాలీలో కుతా వేరు) నున్నటి బైపాస్ రోడ్డు, అంత పల్లెటూళ్ళలో అంత రోడ్డు ఎందుకంటే మండలికా రేస్ సర్క్యూట్ కోసం, 2021 నవంబర్ లో సూపర్‌బైక్ రేసులు, 2022 మార్చిలో మోటోజీపీ జరిగింది ఇక్కడే. మా భోగాపురం వైపు ఎయిర్‌పోర్ట్ వస్తుందన్నాక రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులు ఎలా లేచాయో ఇక్కడా అంతే, ప్రతి కొండ మలుపులో "దిజువల్ తనా", అంటే స్థలం అమ్మబడును. కుతా అంతా కేఫులు, విల్లాలు, నాకు ఆగబుద్ధి కాలేదు. స్కూటర్ అద్దెకి తీసుకుని తూర్పుకి ఏడు కిలోమీటర్లు పోతే గెరుపుక్.

ఇదీ నేను చూడాలనుకున్న ఊరు. గుర్రపు నాడాలా వంగిన బే, అటూ ఇటూ కొండలు, నీళ్ళలో ఎక్కడ చూసినా వెదురు తెప్పలు. ఆ తెప్పల కింద సిమెంటు సంచుల కాయితాన్ని విసనకర్రల్లా మడిచి వరసగా వేలాడదీస్తారు, రాత్రి లైట్లు పెడతారు, గాజుముక్కల్లా ఒళ్ళంతా కనబడిపోయే లాబ్‌స్టర్ పిల్లలు వచ్చి ఆ మడతల్లో పట్టుకుంటాయి. పొద్దున్నే మగాళ్ళు కాయితాలు పైకి తీసి ఒక్కో పిల్లనీ లెక్కపెట్టుకుంటారు. వీటిని కొని పెంచేది ఎక్కువగా వియత్నాం వాళ్ళు. చిక్కేంటంటే ఎగుమతి ఒకసారి ఆపుతారు ఒకసారి వదుల్తారు, 2020లో తెరిచారు, అదే ఏడాది నవంబర్ లో ఫిషరీస్ మంత్రి ఎధి ప్రబోవో లంచం కేసులో అరెస్టయ్యాడు, 2021లో మళ్ళీ మూసేశారు. జకార్తాలో ఒక సంతకం పడితే గెరుపుక్ లో పొయ్యి వెలగడం మారిపోతుంది. ఆడవాళ్ళు సముద్రపు నాచు తాళ్ళకి కట్టి పెంచి ఒడ్డున ఆరబెడతారు, దాదాపు 45 రోజుల పంట. పడవలున్నవాళ్ళు సర్ఫర్లని అలల దగ్గరికి దింపుతారు. ఇన్ని పనులు చేస్తేగానీ ఇల్లు గడవదు.

నేను దిగిన హోమ్‌స్టే ఆవిడని అందరూ ఇనాక్ అంటారు, ఇక్కడివాళ్ళ భాష సాసక్ లో అమ్మ అన్నట్టు, నేనూ అలాగే పిలిచా. ఆమె భర్త చాలా ఏళ్ళు మలేషియా పామాయిల్ తోటల్లో చేసొచ్చాడు, లొంబొక్ లో సగం ఇళ్ళ కథ అదే, మా శ్రీకాకుళం వలసలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మునగాకు చారు, తూటికూర మీద పచ్చిమిరప, టమాటా, రొయ్యల ముద్ద నూరి వేసిన ప్లెచింగ్, కాల్చిన చేప. కారం మనకేం తీసిపోదు. ఇంట్లో కరెంటు ప్రీపెయిడ్, షాపులో కొన్న 20 అంకెల నంబర్ మీటర్ లో కొట్టుకోవాలి, బ్యాలెన్స్ తగ్గితే అది కీచుమంటూనే ఉంటుంది. నీళ్ళే అసలు కష్టం. దక్షిణ లొంబొక్ వానాధారం, వరి ఒక్క పంటే, ఎండాకాలం ముదిరితే ట్యాంకర్ కొనుక్కోవాల్సిందే.

ఇక స్థలం విషయం. ఇక్కడ లెక్క ఆర్ లలో, ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, మన దాదాపు 120 గజాలు, రెండున్నర సెంట్లు. బ్రోకర్ కుర్రాడు కొండ మీద సముద్రం కనబడే మూడు ఆర్ ల ముక్క చూపించి, మీరు కొనేయండి సర్ కాయితాలు మావాడి పేరు మీద పెడదాం అన్నాడు. అంటే బినామీ. ఇది ఒక్కటీ మనవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, 1960 నాటి మూల భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడి కోసం వేరేవాడి పేరున రాయించుకున్న కొనుగోలు చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి రాదు. మనకి కుదిరేవి మూడు దారులు: నోటరీ దగ్గర రాయించుకున్న లీజు, అక్కడ నివాస పర్మిట్ ఉంటే హక్ పకాయ్ అనే వాడకపు హక్కు, లేదా విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి దాని పేరున కట్టడపు హక్కు. కంపెనీకి పెట్టుబడి ప్లాన్ 1000 కోట్ల రుపియా దాటాలి, భూమి భవనం కాకుండా, మన లెక్కలో ఐదు కోట్ల పైమాటే. రెండు గదుల హోమ్‌స్టే నడుపుకుందాం అనుకునేవాడికి అది దారే కాదు, పైగా హోమ్‌స్టే లైసెన్సు స్థానికులకే ఇస్తారు.

ప్రాయలో నోటరీ మేడమ్ ఓపిగ్గా అన్నీ చెప్పారు. సర్టిఫికెట్ ఉందా లేక పన్ను రసీదు మాత్రమేనా, వారసులందరూ సంతకం పెడతారా, జోనింగ్ లో టూరిజం ఉందా పొలమా, పోటు నీళ్ళు వచ్చే చోటు నుంచి 100 మీటర్ల తీర హద్దు లోపల పడుతుందా, ఇవన్నీ భూమి ఆఫీసులో చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దన్నారు. 2018 ఆగస్టు 5న 6.9 భూకంపం ఈ దీవి ఉత్తరాన్ని నేలమట్టం చేసింది, 500 మందికి పైగా పోయారు, 1977లో సునామీ ఈ దక్షిణ తీరాన్నే కొట్టింది, కాబట్టి కట్టేది ఏదైనా దిమ్మ కాంక్రీటు గోడల మోజు వదిలి తేలిక కప్పుతో, గట్టి ఫ్రేముతో కట్టాలి. నాకైతే కొండ ముక్కే నయమనిపించింది.

ఇనాక్ తో ఈ బ్రోకర్ సంగతి చెప్తే ఆమె నవ్వలేదు. వాళ్ళ బావగారు హజ్ యాత్ర ఖర్చుకని ఒడ్డున ఉన్న స్థలం అమ్మేశాడట, డబ్బు యాత్రకీ ఇంటి కప్పుకీ అయిపోయింది, ఇప్పుడు పిల్లలు కొన్నవాళ్ళ గోడ పక్క నుంచి పడవ దింపుకోడానికి కూడా అడగాలి. అద్దెకిస్తే మళ్ళీ మాకొస్తుంది కదా అంది. ఆమె చెప్పింది వంద శాతం రైటు. విదేశీయుడికి భూమి అమ్మకూడదన్న ఆ చట్టం మంచి చట్టం, అది లేకపోతే ఈ తీరమంతా ఈపాటికి బయటివాళ్ళదే అయ్యేది, అలాంటి చట్టాన్ని బినామీతో దాటి వెళ్ళి మళ్ళీ ఆ ఊళ్ళోనే కాపురం ఉండాలనుకోడం నాకు అసహ్యంగా అనిపించింది.

అందుకే బ్రోకర్ కి వద్దని చెప్పేసి, ఇనాక్ వాళ్ళ ఇంటి వెనక రెండు ఆర్ ల ఖాళీ స్థలం గురించి మాట్లాడాం. పదేళ్ళ లీజు, గదులు కట్టే ఖర్చు నాది, లైసెన్సు, నడపడం వాళ్ళది, వచ్చిన దాంట్లో వాటా, గడువు తీరాక గదులు వాళ్ళవే. పడవ రేవుకి దారి వదలాలని ఆమె షరతు, వాననీటి ట్యాంకు ముందు కట్టాలని నా షరతు. డబ్బు సింగపూర్ నుంచే పంపుతా, ఇండియా నుంచి పంపేవాళ్ళకి ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి ఉందని మర్చిపోవద్దు. నోటరీ మేడమ్ కి సర్టిఫికెట్ కాపీ ఇచ్చొచ్చాం, జోనింగ్ జవాబు రాగానే వానలప్పుడు మళ్ళీ వెళ్ళి ఆ స్థలంలో నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి అప్పుడు సంతకాలు.